వేలాడే గొట్టాలు – యశద కవచం

హైదరాబాదు నగరంలో అమీర్‌పేట నుండి కూకట్‌పల్లికి పోయే రహదారి మీద ఎర్రగడ్డ ఉన్నది. ఆ పేరులోనే నేల రంగు ఉన్నది. తెలంగాణ చెలక నేలలకు ఎరుపు రంగు మట్టిలో కలిసి ఉన్న ఇనుప ఆక్సైడు వలన వచ్చింది. ఇనుప ముక్కను వానలో వదిలివేస్తే కొద్ది దినాలలో దానిపై పేరుకునే తుప్పు కూడా ఇనుప ఆక్సైడే. ఇనుము భూమిలో ఖనిజరూపంలో ఉన్నప్పుడు ఆక్సిజన్‌తో కలిసియే ఉంటుంది. మానవుడు బొగ్గును మండించి, ఎంతో శక్తిని వెచ్చించి, ఆ కలయికను విడదీసి లోహాన్ని సంపాదిస్తాడు. లోహం మాత్రం గాలి, నీరు దొరికిన ప్రతిచోటా తిరిగి మట్టి కావడానికే ప్రయత్నిస్తుంది.

ఈ ప్రాంతానికి లోహంతో పాతపరిచయమే ఉన్నది. పక్కనే ఉన్న సనత్‌నగర్ పారిశ్రామిక ప్రాంతంలో ఆల్విన్ కర్మాగారం ఇనుప బీరువాలను, బస్సుల బాడీలను, రిఫ్రిజిరేటర్లను ఒక తరం పాటు తయారుచేసింది. ఇప్పటికీ ఎర్రగడ్డలో ఆదివారం నాడు జరిగే సంతలో పాత పనిముట్లు, నట్లు, బోల్టులు, పైపు ముక్కలు, క్లాంపులు గోనె పట్టాల మీద కుప్పలు కుప్పలుగా కనబడతాయి. 2017 నవంబరులో మియాపూర్ నుండి అమీర్‌పేట మీదుగా మెట్రో రైలు నడవడం మొదలైన తరువాత ఎర్రగడ్డ స్టేషను మెట్లెక్కేవారు దినమూ వేలమంది. అటువంటి పెద్ద కట్టడాలలో నీరు పోయే గొట్టాలు, అగ్నిమాపక గొట్టాలు, విద్యుత్తు తీగల గొట్టాలు పైకప్పు కింద బారులు తీరి ఉంటాయి. వాటిని తలయెత్తి చూసేవారు అరుదు. ఆ గొట్టాలను పట్టి ఉంచిన ఇనుప బిగింపులను చూసేవారు మరీ అరుదు. ఈ పాఠం ఆ బిగింపుల గురించి, వాటిపై ఉండే పలుచని యశదపు పూత గురించి.

గొట్టాన్ని వేలాడదీయడానికి మూడు నాలుగు వస్తువులు చాలు. కాంక్రీటు కప్పులో రంధ్రం చేసి దిగగొట్టే యాంకరు ఫాస్టనరు ఒకటి. దాని నుండి కిందికి దిగే మరల కడ్డీ రెండవది. దీనినే పనివారు స్టడ్డు అంటారు. గొట్టం చుట్టూ పట్టుకునే క్లాంపు మూడవది. వీటిని బిగించే నట్లు, వాషర్లు తక్కినవి. చూడడానికి ఇవి అల్పమైనవే, కాని మోసే బరువు అల్పం కాదు. నాలుగు అంగుళాల మధ్యరకం ఇనుప గొట్టం మీటరు పొడవుకు సుమారు 12 కిలోలు తూగుతుంది. అందులో నిండే నీరు మరొక 9 కిలోలకు కొంచెం తక్కువ. మీటరుకు 21 కిలోల లెక్కన, మూడు మీటర్లకు ఒక బిగింపు ఉంటే, ఒక్కొక్క స్టడ్డు 60 కిలోలకు పైగా, అంటే ఒక మనిషి బరువును, రాత్రింబవళ్లు సంవత్సరాల తరబడి మోస్తూ ఉంటుంది. ఒక బిగింపు తెగిపోతే దాని బరువు ఇరువైపుల ఉన్న బిగింపుల మీద పడుతుంది. అవి కూడా అదే దినాన కొన్నవి, అదే తేమలో ఉన్నవి, అంతే తుప్పు పట్టినవి అయితే తరువాత ఏమి జరుగుతుందో ఊహించవచ్చు.

తుప్పు చేసే హానిని అంకెలలో చూస్తే విషయం మరింత స్పష్టమవుతుంది. 10 మిల్లీమీటర్ల స్టడ్డులో మరల లోతు పోగా మిగిలే గట్టి కడ్డీ వ్యాసం సుమారు 8.4 మిల్లీమీటర్లు. దాని చుట్టూ ఒక్క మిల్లీమీటరు మందం తుప్పుగా మారితే వ్యాసం 6.4 మిల్లీమీటర్లకు తగ్గుతుంది. బలం వ్యాసాన్ని బట్టి కాక, కోత వైశాల్యాన్ని బట్టి ఉంటుంది. కాబట్టి నూటికి 58 వంతుల బలం మాత్రమే మిగులుతుంది. తుప్పు అసలు ఇనుము కంటె ఎక్కువ చోటును ఆక్రమించే పదార్థం. అందువల్ల పైకి కడ్డీ లావెక్కినట్లు కనిపిస్తూనే లోపల సన్నబడుతుంది. కింద నిలబడి చూసేవారికి ఈ సంగతి తెలియదు.

ఇనుము తుప్పు పట్టడానికి నీరు, ఆక్సిజన్ రెండూ కావాలి. పైకప్పు కింద వానపడదు గదా, తడి ఎక్కడినుండి వస్తుందని విద్యార్థులు ప్రశ్నించవచ్చు. వేసవిలో చన్నీటి చెంబు చుట్టూ చెమ్మ పట్టడం అందరూ చూసినదే. చల్లని నీరు పారే గొట్టం మీద, దానిని పట్టుకున్న క్లాంపు మీద అదే చెమ్మ దినదినమూ పడుతుంది. స్నానపు గదుల ఆవిరి, కారే కీళ్లు, గోడల నుండి ఊరే నీరు దానికి తోడవుతాయి. క్లాంపు లోపలి అంచుకూ గొట్టానికీ మధ్య ఉన్న సందులో చేరిన తడి త్వరగా ఆరదు. ఎక్కువ తుప్పు ఆ సందులోనే మొదలవుతుంది.

లోహం మీద మరొక లోహాన్ని పూయడం మన ఇళ్లకు కొత్త కాదు. ఒకప్పుడు వీధులలో ‘కలాయి వేస్తాం’ అని కేక వేస్తూ తిరిగేవారు. కొలిమి రగిల్చి, ఇత్తడి గిన్నెను కాల్చి, నవాసారం చల్లి, తగరపు ముక్కను గుడ్డతో రుద్ది, గిన్నె లోపలి భాగాన్ని వెండిలా మెరిపించేవారు. పులుసు ఇత్తడికి తగిలి చిలుము పట్టకుండా ఆ తగరపు పొర అడ్డుగా నిలిచేది. ఇనుప రేకు మీద తగరం పూసి చేసినదే నూనె డబ్బా. అయితే ఆ డబ్బాకు గీత పడితే ఏమవుతుంది? తగరం ఇనుము కంటె చర్యాశీలత తక్కువగల లోహం. గీత పడినచోట తడి చేరితే తగరం తాను క్షేమంగా ఉండి ఇనుమును త్వరగా తినిపిస్తుంది. అంటే గీత పడనంతవరకే తగరపు పూత కాపు. గీత పడిన తరువాత అదే కీడు.

యశదం స్వభావం దీనికి పూర్తిగా భిన్నమైనది. యశదాన్నే మనం నిత్యవ్యవహారంలో జింకు అంటాం. తుత్తునాగం అని మరొక పాతపేరు కూడా ఉన్నది. రాజస్థాన్‌లోని జావర్ గనుల వద్ద మధ్యయుగాలలోనే యశదాన్ని ఆవిరిగా మార్చి, చల్లార్చి, లోహంగా సేకరించేవారని అక్కడ బయటపడిన మట్టి మూసలు, కొలుముల అవశేషాలు తెలుపుతున్నాయి. ఈ లోహం కొద్దిపాటి వేడికే ఆవిరైపోతుంది కాబట్టి దానిని పట్టడం కష్టమైన విద్య. తెలుగునేల మీద విశాఖపట్టణంలో హిందుస్థాన్ జింక్ సంస్థ వారి కర్మాగారం 1977 నుండి యశదాన్ని ఉత్పత్తి చేసింది; 2012లో అది మూతపడింది.

1742లో మాలూయిన్ అనే ఫ్రెంచి రసాయనవేత్త, కరిగిన యశదంలో ఇనుమును ముంచి పూత వేయవచ్చునని తమ దేశపు విజ్ఞాన అకాడమీకి నివేదించాడు. కాని ఆ పూత ఇనుమును ఎట్లా కాపాడుతుందో అప్పటికి తెలియదు. ఇటలీలోని బొలోన్యా నగరంలో లూయీజీ గాల్వానీ చచ్చిన కప్ప కాలును రెండు వేరువేరు లోహాలతో తాకించినపుడు అది కొట్టుకోవడం గమనించి, 1791లో ఆ సంగతిని ప్రకటించాడు. అది జీవిలోని విద్యుత్తని ఆయన భావించాడు. కాదు, రెండు లోహాలూ తడీ కలవడమే విద్యుత్తుకు కారణమని ఓల్టా వాదించి, 1800లో బ్యాటరీని నిర్మించి చూపాడు. 1824లో హంఫ్రీ డేవీ ఓడల అడుగున ఉన్న రాగి రేకులకు యశదపు ముక్కలను జతచేసి, యశదం కరిగిపోతూ రాగిని కాపాడటం నిరూపించాడు. 1837లో సోరెల్ అనే ఫ్రెంచి ఇంజనీరు ఇనుమును యశదంలో ముంచే పద్ధతికి పేటెంటు పొందాడు. గాల్వానీ తన జీవితంలో ఇనుప గొట్టం జోలికి పోలేదు. అయినా ప్రతి హార్డ్‌వేర్ దుకాణంలో వినబడే ‘జి.ఐ.’ అనే రెండక్షరాలలో మొదటిది ఆయన పేరు నుండి వచ్చినదే. గాల్వనైజ్డ్ ఐరన్ అన్న మాటకు అది పొడి అక్షరాల రూపం.

యశదం ఇనుమును రెండు విధాల కాపాడుతుంది. మొదటిది కేవలం అడ్డుగోడ వంటిది. గాలి, తేమ తగిలినపుడు యశదం మీద ముందుగా ఆక్సైడు, హైడ్రాక్సైడు ఏర్పడి, తరువాత గాలిలోని కార్బన్ డై ఆక్సైడుతో కలిసి అవి బూడిదరంగు కార్బొనేటు పొరగా మారుతాయి. తుప్పు వలె ఇది పొరలు పొరలుగా ఊడిపోదు. లోహానికి గట్టిగా అంటుకొని ఉంటుంది. కొత్త జి.ఐ. వస్తువుకు ఉన్న మెరుపు కొన్ని నెలలలో తగ్గి, మసకబారడం చూసి కొందరు పూత చెడిపోయిందనుకుంటారు. నిజానికి కవచం గట్టిపడింది అప్పుడే.

రెండవ విధం మరింత విచిత్రమైనది. రసాయన శాస్త్రంలో లోహాల ఎలక్ట్రోడ్ పొటెన్షియల్ విలువలను విద్యార్థులు చదివే ఉంటారు. యశదానికి అది మైనస్ 0.76 వోల్టులు, ఇనుముకు మైనస్ 0.44 వోల్టులు, రాగికి ప్లస్ 0.34 వోల్టులు. రెండు లోహాలు తాకి ఉండి, వాటిమీద తడి ఉన్నపుడు, తక్కువ విలువ గల లోహం ఎలక్ట్రాన్లను వదలుకొని కరుగుతుంది. రెండవది క్షేమంగా ఉంటుంది. పూతకు గీత పడి ఇనుము బయటపడినా, చుట్టూ ఉన్న యశదం ముందు కరుగుతూ ఇనుమును నిలుపుతుంది. తగరం చేయలేని పని ఇదే. అయితే ఈ రక్షణకు హద్దు ఉన్నది. గీతకు ఇరువైపుల కొన్ని మిల్లీమీటర్ల మేర మాత్రమే అది పనిచేస్తుంది. అరచేతి వెడల్పున పూత పోయినచోట నడుమనున్న ఇనుము తుప్పు పట్టకుండా ఉండదు. అంతేకాక, యశదం ఉన్నంతకాలమే ఈ రక్షణ. కాబట్టి పూత ఎంత మందంగా ఉన్నదన్నది ఈ విషయంలో అన్నిటికంటె ముఖ్యమైన ప్రశ్న.

ఇక పూత వేసే పద్ధతులు. వేడి యశదంలో ముంచడం మొదటిది. ఇనుప వస్తువును ముందుగా క్షారజలంలో కడిగి జిడ్డు పోగొడతారు. తరువాత హైడ్రోక్లోరిక్ ఆమ్లంలో ఉంచి తుప్పును, పొక్కును తొలగిస్తారు. నీటితో కడిగి, జింక్ అమ్మోనియం క్లోరైడు ద్రావణంలో ముంచి ఆరబెడతారు. కలాయి వేసేవాడు చల్లే నవాసారం చేసే పని కూడా ఇదే. కరిగిన లోహం శుభ్రమైన ఇనుమును చక్కగా తడపడానికి అది తోడ్పడుతుంది. యశదం 419 డిగ్రీల సెల్సియస్ దాటగానే కరుగుతుంది; తొట్టిలో దానిని సుమారు 450 డిగ్రీల వద్ద ఉంచుతారు. వస్తువును అందులో కొద్ది నిమిషాలు ముంచి, నెమ్మదిగా పైకి తీస్తారు. రెండువైపుల మూసిన గొట్టాన్ని పొరపాటున ముంచితే లోపల చిక్కిన తడి ఆవిరై గొట్టం పేలిపోగలదు. కరిగిన లోహం మీద పడితే మనుషులు బతకరు. అందుకే బోలు వస్తువులకు ముందుగానే రంధ్రాలు చేస్తారు.

ఆ కొద్ది నిమిషాలలో జరిగేది కేవలం పూత కాదు. ఇనుము, యశదం ఒకదానిలో ఒకటి కలిసి మిశ్రలోహపు పొరలు ఏర్పడతాయి. ఇనుముకు దగ్గరగా ఇనుము పాలు ఎక్కువగాను, పైకి పోయేకొద్ది తక్కువగాను ఉండి, అన్నిటికీ పైన దాదాపు శుద్ధ యశదం నిలుస్తుంది. లోపలి మిశ్రలోహ పొరలు అడుగునున్న ఇనుము కంటె గట్టివి, పైపొర మెత్తనిది. రంగు గోడమీద సున్నంలా అంటుకొని ఉంటుంది. ఈ పూత ఇనుములో వేళ్లు దిగిన చెట్టు వంటిది. స్పానరు జారినా, సుత్తి తగిలినా అంత తేలికగా ఊడిరాదు.

రెండవ పద్ధతి విద్యుత్తుతో పూయడం. యశద లవణపు ద్రావణంలో ఇనుప వస్తువును ఋణధ్రువంగా ఉంచి విద్యుత్తును ప్రసరింపజేస్తే దానిపై యశదం సన్నగా, నునుపుగా పేరుకుంటుంది. తరువాత క్రోమేటు వంటి ద్రావణంలో ముంచితే నీలిమెరుపో, పసుపుపచ్చని ఇంద్రధనుస్సు ఛాయయో వస్తుంది. చూడడానికి ఇదే అందమైనది. మరల మీద సమంగా పరచుకుంటుంది, నట్టు చక్కగా తిరుగుతుంది, ఖరీదు తక్కువ. ఇది కాక, ముందే పూత వేసిన రేకును కత్తిరించి, వంచి క్లాంపులు చేయడం మూడవ పద్ధతి. ఇందులో కత్తిరించిన అంచులకు పూత ఉండదు. రేకు పలుచనిదైతే ఇరువైపుల యశదం ఆ సన్నని అంచును కొంతకాలం కాపాడుతుంది.

మందంలో ఈ మూడింటికీ ఉన్న తేడా చాలా పెద్దది. భారతీయ ప్రమాణం ఐ.ఎస్. 4759 ప్రకారం 5 మిల్లీమీటర్లు, అంతకు మించిన మందం గల ఉక్కును వేడి యశదంలో ముంచినపుడు చదరపు మీటరుకు కనీసం 610 గ్రాముల పూత ఉండాలి. చదరపు మీటరు మీద ఒక మైక్రాను మందపు యశదం 7.14 గ్రాములు తూగుతుంది. అంటే ఆ పూత మందం సుమారు 85 మైక్రాన్లు. రేకుల విషయంలో 275 అనే గుర్తు ఉంటే అది ఇరువైపుల కలిపి చదరపు మీటరుకు 275 గ్రాములు. ఒక్కొక్క వైపు సుమారు 19 మైక్రాన్లు మాత్రమే. రేకుల అంకె ఇరువైపులదని, ముంచిన వస్తువుల అంకె ఒక్కవైపుదని మరచి రెండింటినీ పోల్చి మోసపోయేవారున్నారు. విద్యుత్తుతో వేసిన పూత సామాన్యంగా 5 నుండి 12 మైక్రాన్లు.

యశదం ఎంత వేగంగా అరుగుతుందన్నది గాలిని బట్టి ఉంటుంది. పొడిగా ఉండే గదిలో ఏడాదికి ఒక మైక్రానులో పదోవంతు కూడా పోదు. మధ్యస్థమైన తేమ, కొంత పొగ ఉన్న నగరపు ఆరుబయట ఏడాదికి 2 మైక్రాన్ల వరకు పోవచ్చు. సముద్రపు ఉప్పు గాలిలో 4 మైక్రాన్లు, మరీ ఘాటైన చోట 8 మైక్రాన్లు కూడా పోవచ్చు. లెక్క వేసి చూడండి. ఏడాదికి 2 మైక్రాన్లు పోయేచోట 85 మైక్రాన్ల పూత 40 ఏళ్లకు పైగా నిలుస్తుంది. 8 మైక్రాన్ల పూత నాలుగేళ్లలో తీరిపోతుంది. విశాఖ సముద్రతీరాన 4 మైక్రాన్లు పోయే మేడమీద మొదటిది ఇరవై ఏళ్లు, రెండవది రెండేళ్లు. కడ్డీ అదే, క్లాంపు అదే, బలమూ అదే. దుకాణంలో వాటిని పక్కపక్కన పెడితే రెండేళ్లకే తుప్పుపట్టేది ఎక్కువగా మెరుస్తూ ఉంటుంది.

చిక్కు ఇక్కడే ఉన్నది. అంగడిలో ఈ మూడింటినీ ‘జి.ఐ.’ అనే అంటారు. ఎర్రగడ్డ సంతలో “ఏమన్నా, ఇది జి.ఐ. యేనా?” అని అడిగితే “పక్కా జి.ఐ. సార్, చూడుండ్రి ఎట్ల మెరుస్తున్నదో!” అని సమాధానం వస్తుంది. అమ్మేవాడు అబద్ధమాడలేదు, దానిమీద యశదం ఉన్నమాట నిజమే. ఎంత ఉన్నదన్న ప్రశ్న అడగలేదు కాబట్టి సమాధానం రాలేదు. ఈ వ్యాసకర్త ఇంటి మేడమీద నీటితొట్టి నుండి దిగే గొట్టానికి బిగించిన క్లాంపులు కూడా అటువంటివే. కొన్నప్పుడు అద్దంలా ఉండేవి. మూడో వానాకాలం నాటికి గోడమీద ఎర్రని చారలు దిగాయి. తప్పు కొన్నవాడిదే గాని వేరెవరిదీ కాదు.

వీటిని కంటితో గుర్తుపట్టడం కొంతవరకు సాధ్యమే. వేడిలో ముంచినది మసక బూడిదరంగులో, కొంచెం గరుకుగా, అక్కడక్కడ చుక్కబొట్టు జారి గడ్డకట్టిన గుర్తులతో ఉంటుంది. విద్యుత్తుతో పూసినది నునుపుగా, అన్నిచోట్లా ఒకే మెరుపుతో ఉంటుంది. రేకు మీద మంచుపూల వంటి పెద్ద స్ఫటికాలు కనబడితే మంచి పూత అనుకోవడం పొరపాటు. ఆ పూలు యశదంలో కలిసిన స్వల్పపు ఇతర లోహాలను బట్టి, చల్లారిన వేగాన్ని బట్టి ఏర్పడతాయి. వాటికీ మందానికీ సంబంధం లేదు. కొన్ని ఉక్కులలో సిలికాన్ పాలు ఎక్కువగా ఉంటే పూత మరీ మందమై, మెరుపే లేకుండా బూడిదముద్దలా కనబడుతుంది. కొనేవారు దానిని పక్కన పడవేస్తారు. నిశ్చయంగా తెలుసుకోవాలంటే కొలవాలి. అయస్కాంత సూత్రం మీద పనిచేసే చిన్న కొలత పరికరాన్ని పూతకు ఆనించితే మందం మైక్రాన్లలో తెలుస్తుంది. పూత సమంగా ఉన్నదో లేదో చూడడానికి మైలుతుత్త ద్రావణంలో ఒక్కొక్క నిమిషం చొప్పున పలుమార్లు ముంచే పరీక్ష ఒకటి ఉన్నది. యశదం ఉన్నచోట రాగి నల్లని పొడిగా పేరుకొని తుడిస్తే పోతుంది. యశదం తీరి ఇనుము బయటపడినచోట ఎర్రని రాగి గట్టిగా అంటుకుంటుంది. కళాశాల ప్రయోగశాలలో అధ్యాపకుల సమక్షంలో చేసి చూడదగిన పరీక్ష ఇది.

మరలకు ఒక ప్రత్యేకమైన ఇబ్బంది ఉన్నది. వేడిలో ముంచిన స్టడ్డు మరలలో యశదం నిండి లావెక్కుతుంది. మామూలు నట్టు దానిమీద ఎక్కదు. అందుకు తగినట్లు నట్టు రంధ్రాన్ని కొంచెం పెద్దదిగా కోయాలి. ఆ జత దొరకనపుడు పనివారు మరలను మళ్లీ కోసి, వేసిన పూతనంతా గీకివేస్తారు. లేదా ముంచిన క్లాంపుకు మెరుపు పూత గల స్టడ్డును జతచేస్తారు. రెండవది అన్నిచోట్లా కనబడేదే. అప్పుడు గొట్టం నలభై ఏళ్లు, క్లాంపు నలభై ఏళ్లు, వాటిని మోసే స్టడ్డు నాలుగేళ్లు.

కోత, వెల్డింగు పూతకు శత్రువులు. కోసిన కొన బయటపడిన ఇనుమే. వెల్డింగు వేడికి చుట్టూ ఉన్న యశదం ఆవిరైపోతుంది. అది 907 డిగ్రీల వద్దనే మరుగుతుంది, ఉక్కు కరగడానికి ఇంకా ఎంతో వేడి కావాలి. ఆ తెల్లని పొగను పీల్చిన వెల్డరుకు కొన్ని గంటల తరువాత చలి, జ్వరం, ఒళ్లునొప్పులు, నోటిలో లోహపు రుచి వస్తాయి. ఒకటి రెండు దినాలలో తగ్గిపోతుంది కాబట్టి మామూలు జ్వరమనుకొని మళ్లీ పనికి వస్తాడు, మళ్లీ పీలుస్తాడు. అతుకువేసే చోట ముందుగా పూతను రాపిడితో తీసివేయడం, గాలి బాగా ఆడేచోట పని చేయడం, తగిన ముసుగు ధరించడం అతని హక్కు. ఆ ఏర్పాటు చేయించవలసినది పని చేయించేవారే. అతుకు చల్లారిన తరువాత దానిమీద మన పనివారు సిల్వర్ పెయింటు పూస్తారు. అది అల్యూమినియం పొడి కలిసిన రంగు. మచ్చను కప్పిపుచ్చుతుంది గాని యశదం చేసే త్యాగం చేయదు. తుప్పును శుభ్రంగా గీకి, యశదపు పొడి అధికంగా గల పెయింటును తగినంత మందంగా పూయడం సరియైన మరమ్మతు.

రాగి గొట్టాలను జి.ఐ. క్లాంపులతో పట్టడం మరొక పొరపాటు. ఆసుపత్రులలో ఆక్సిజన్ గొట్టాలు, శీతలీకరణ యంత్రాల గొట్టాలు రాగివి. రాగికీ యశదానికీ మధ్య ఉన్న ఒక వోల్టు పైచిలుకు తేడాను పైన చూశాం. చెమ్మ చేరితే క్లాంపు మీది యశదం వేగంగా కరిగిపోతుంది, తరువాత ఇనుము వంతు. నడుమ రబ్బరు పట్టీ ఉంటే చాలు, విద్యుత్తుకు దారి తెగిపోతుంది. అదే కారణంగా రాగి గొట్టం నుండి వచ్చిన నీరు జి.ఐ. గొట్టంలోకి పారకుండా చూస్తారు. నీటిలో కరిగి వచ్చిన కొద్దిపాటి రాగి యశదం మీద పేరుకొని గుంటలు పెడుతుంది. వేడినీటి సంగతి ఇంకా చిత్రమైనది. సుమారు 60 డిగ్రీలు దాటిన కొన్నిరకాల నీటిలో యశదం తన స్వభావాన్ని మార్చుకొని, ఇనుమును కాపాడడం మాని, ఇనుమే దానికి బలి అయ్యేటట్లు చేస్తుంది.

కొత్త సరుకును నిలువచేయడంలో కూడా జాగ్రత్త కావాలి. జి.ఐ. గొట్టాలను, క్లాంపులను ఒకదానిమీద ఒకటి పేర్చి, వానకు తడిసిన టార్పాలిన్ కింద ఉంచితే నడుమ చిక్కిన నీటికి గాలి సోకదు. కార్బొనేటు పొర ఏర్పడే అవకాశం లేక, సున్నపుపొడి వంటి తెల్లతుప్పు పుట్టుకొస్తుంది. స్వల్పమైతే తుడిచి ఆరబెడితే సరిపోతుంది. ఎక్కువైతే పూతలో చాలాభాగం వాడకముందే పోయినట్లు.

ఇంత చెప్పినంత మాత్రాన ప్రతి క్లాంపును వేడి యశదంలోనే ముంచాలని అర్థం కాదు. ఎర్రగడ్డకు దక్షిణాన జూబ్లీహిల్స్, ఫిల్మ్‌నగర్ ప్రాంతాలలో సినిమా స్టూడియోలున్నాయి. చిత్రీకరణ జరిగే ఫ్లోర్లలో పైన అడ్డంగా కట్టిన గొట్టాలకు దీపాలను వేలాడదీస్తారు. అక్కడ వాన లేదు, చెమ్మ తక్కువ. దీపాల వేడికి ఉన్న తేమ కూడా ఆరిపోతుంది. అటువంటిచోట విద్యుత్తుతో వేసిన పలుచని పూత కూడా ఎంతోకాలం నిలుస్తుంది. అక్కడి ప్రమాదం తుప్పు కాదు. మాటిమాటికీ విప్పి బిగించడంలో మరలు అరగడం, బిగింపు వదులవడం. అందుకే ప్రతి దీపానికీ క్లాంపుతో పాటు విడిగా ఒక రక్షణ గొలుసు వేయడం పద్ధతి. ఒకటి జారినా రెండవది పట్టుకుంటుంది. కింద నటీనటులు, సాంకేతిక సిబ్బంది ఉంటారు. నీటిగొట్టాల కింద కూడా మనుషులుంటారు; ఆ రెండవ గొలుసు మాత్రం అక్కడ సాధారణంగా ఉండదు.

ఎర్రగడ్డ సంతలో పాత కట్టడాలను కూల్చినపుడు తీసిన బిగింపులు కూడా దొరుకుతాయి. వాటిలో మసకగా, గరుకుగా ఉన్నవాటిని ఏరి, గీరి చూస్తే లోపల తెల్లని లోహం ఇంకా తళుక్కుమనేవి కొన్ని ఉంటాయి. అటువంటివి కొనవచ్చు. కొనేముందు నట్టును చివరిదాకా తిప్పి చూడాలి, వంపుల దగ్గర పగులు ఉన్నదేమో వేలితో తడమాలి, మరల అడుగున ఎర్రదనం కనబడితే పక్కన పెట్టాలి. తలమీద వేలాడే బరువుకైతే స్టడ్డును, యాంకరును మాత్రం పాతవి కొనకూడదు. అవి ఇంతకుముందు ఎంత బరువు మోశాయో, ఎన్నిసార్లు సుత్తిదెబ్బలు తిన్నాయో వాటిని చూసి చెప్పడం ఎవరికీ సాధ్యం కాదు.